సెలవు పెట్టి తెచ్చుకోవలసిన కుక్కపిల్ల

మా బ్రాంచిలో కొత్తగా చేరిన కుర్రాడు మొన్న లంచ్ టైములో అడిగాడు: "మేడమ్, లాబ్రడార్ పిల్ల ఎంతలో వస్తుంది?" "ముందు నీకు ఎన్ని సెలవులు మిగిలాయో చెప్పు" అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. వాళ్ళింట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులే. పొద్దున తొమ్మిదికి ఇంటికి తాళం పడితే మళ్ళీ సాయంత్రం ఏడింటికే తీయడం. రెండు నెలల కుక్కపిల్ల మూడు గంటలకి మించి ఉచ్చ ఆపుకోలేదు. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చే గంటలే దాని శక్తి, అదీ గట్టిగా పట్టుకుంటే. ఇల్లు తాళం వేసి ఉండేది పది గంటలు, పిల్ల ఓపిక మూడు గంటలు. మిగిలిన ఏడు గంటలు ఎవరు చూస్తారన్న ప్రశ్నకి జవాబు దొరికాకే బ్రీడర్‌కి ఫోన్ చేయాలి. చాలామంది ముందు పిల్లని తెచ్చేసి, జవాబు తర్వాత వెతుక్కుంటారు. ఆ వెతుకులాటలో పిల్ల బాత్రూంలో బందీ అవుతుంది.

మా లాబ్రడార్ పేరు జున్ను. రంగు చూసి మా అబ్బాయి పెట్టాడు. దాన్ని తెచ్చినప్పుడు మొదటి పది రోజులు నేను ఈఎల్ పెట్టాను, తర్వాతి వారం మా ఆయన పెట్టారు. ఇద్దరం ఒకేసారి పెట్టుకుంటే సరదాగా ఉండేది గానీ లెక్క చెడేది. ఆ తర్వాత ఇంట్లో పనిచేసే ఆమె అంట్లు తోమే వేళ పొద్దున్నుంచి పన్నెండింటికి మార్చుకుంది. వచ్చి ముందు జున్నుని బాల్కనీలోకి తీసుకెళ్ళేది, తర్వాతే గిన్నెల జోలికి వెళ్ళేది. దీనికి నెలకి విడిగా జీతం ఇచ్చాం. ఇది ఊరికే చేయించుకునే పని కాదు, మాటసాయం కింద అడిగితే పది రోజుల్లో ఆగిపోతుంది. మూడున్నరకి మా అబ్బాయి స్కూలు నుంచి వచ్చేవాడు. ఆరున్నరకి నేను. అంటే తొమ్మిదింబావుకి నేను గడప దాటాక పగలు మూడుసార్లు తలుపు తెరుచుకునేది. మధ్యాహ్నం మూడున్నర గంటల విరామం మొదట్లో కాస్త ఎక్కువే అయింది. ఒకట్రెండు వారాలు కింది అంతస్తులో ఉన్న రిటైర్డ్ మాస్టారు రెండింటికి ఒకసారి పైకి వచ్చి వెళ్ళారు.

ఇలాంటి ఏర్పాటు కుదరని ఇళ్ళు ఉంటాయి. షిఫ్టు డ్యూటీలు, ఒంటరిగా ఉండేవాళ్ళు, నెలకి పది రోజులు టూర్లు తిరిగేవాళ్ళు. వాళ్ళకి నా సలహా ఒకటే: పిల్లని తేకండి, ఏడాదిన్నర దాటిన కుక్కని దత్తత తీసుకోండి. పెద్ద కుక్క ఎనిమిది గంటలు ఓర్చుకుంటుంది, దాని స్వభావం ఏమిటో ముందే కనబడుతుంది. ఇంట్లోంచే పని చేసేవాళ్ళు మాత్రం "మాకేం, ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాం" అని ధీమాగా ఉంటారు. టీమ్ మీటింగులో మ్యూట్ తీసి మాట్లాడుతున్నప్పుడు కాలి కింద ప్యాంటు అంచు పట్టుకుని గుంజుతుంటే తెలుస్తుంది. వాళ్ళకీ పది రోజుల సెలవు కావాలి.

ఇక బ్రీడర్ సంగతి. దుకాణం కంటే, పంజరాల వరసలున్న కెనెల్ కంటే, ఇంట్లో ఒకటో రెండో ఆడకుక్కల్ని పెంచుకుంటూ అప్పుడప్పుడు పిల్లలు వేయించేవాళ్ళ దగ్గర తీసుకోవడమే మంచిదని నా నమ్మకం. అయితే ఇంటి బ్రీడర్ అనగానే కళ్ళు మూసుకుని నమ్మకూడదని డబ్బు పోగొట్టుకునీ, అంతకంటే ఎక్కువ పోగొట్టుకునీ తెలుసుకున్నాను.

పన్నెండేళ్ళ కిందట మేం తెచ్చిన మొదటి పిల్ల వయసు ముప్పై ఎనిమిది రోజులు. "తల్లి పాలు మానేసిందమ్మా, నానబెట్టిన ఫుడ్డు శుభ్రంగా తినేస్తోంది, తీసుకెళ్ళిపోండి" అన్నారు. టీకా వేశామన్నారు. పుస్తకంలో పెన్నుతో తేదీ రాసి ఉంది, అంతే. ఐదో రోజు పొద్దున గిన్నె ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు. రాత్రికి రక్తంతో విరేచనాలు. ఆ వాసన ఒకసారి పీలిస్తే మరిచిపోలేం. డాక్టర్ గారు గుమ్మంలోనే "పార్వో" అన్నారు. మూడు రోజులు సెలైన్లు ఎక్కించాం. నాలుగో రోజు తెల్లవారకముందే పోయింది. అప్పుడు ఆ పుస్తకం మళ్ళీ తిప్పి చూస్తే టీకా సీసా మీద ఉండే స్టిక్కరూ లేదు, డాక్టరు సంతకమూ లేదు.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా మొదట చెప్పేది ఇదే. ఎనిమిది వారాలు నిండని పిల్లని తీసుకోవద్దు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం కూడా ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు, బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకుని ఉండాలి. మనవాళ్ళు మాత్రం ముప్పై అయిదో రోజుకే "ఎప్పుడు తీసుకెళ్తారు" అని ఫోన్లు మొదలుపెడతారు. పళ్ళొచ్చి, పాలు తగ్గి, మేత ఖర్చు బ్రీడర్ మీద పడేది అప్పుడే మరి. ఆ చివరి మూడు వారాల్లో తోబుట్టువులతో పెనుగులాడుతూ పిల్ల నేర్చుకునేది చాలా ఉంది. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత గట్టిగా కొరకవచ్చో దానికి తెలిసేది అలాగే. ఆ పాఠం మధ్యలో ఆపి తెచ్చుకుంటే మిగతాది మన చేతుల మీద, మన పిల్లల పిక్కల మీద పూర్తవుతుంది.

తల్లిని చూపించమనండి. "అది కొత్తవాళ్ళని కరుస్తుంది, లోపల కట్టేశాం" అంటే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి. తండ్రి ఆ ఇంట్లో లేకపోవచ్చు, క్రాసింగ్‌కి వేరేచోటికి తీసుకెళ్ళి ఉంటారు, అది తప్పేం కాదు. తర్వాత పిల్లలు పడుకునే గుడ్డ ఎక్కడుంది, అవి దొడ్డికి పోయే చోటు ఎక్కడుందీ చూడండి. రెంటికీ మధ్య నాలుగడుగులైనా దూరం ఉంటే ఆ పిల్లకి పక్క తడపకూడదన్న బుద్ధి సగం అప్పటికే వచ్చేసి ఉంటుంది. ఉచ్చలోనే పడుకుని పెరిగిన పిల్లకి శుభ్రత నేర్పడం మహా కష్టం. కెనెల్ క్లబ్ (కేసీఐ) పేపర్లు వంశం చెబుతాయి, ఆరోగ్యం చెప్పవు. మైక్రోచిప్ నంబరు ఉంటే పేపర్లలో ఉన్నదీ పిల్లలో ఉన్నదీ ఒకటేనా అని డాక్టర్ దగ్గర స్కాన్ చేయించి చూసుకోవచ్చు.

జున్నుని ఇచ్చిన ఇల్లు వేరే తీరు. వంటింటి పక్క వరండాలో చిన్న కంచె, కింద పాత న్యూస్‌పేపర్లు, లోపల ఆరు పిల్లలు. ఆవిడ మాతో మాట్లాడుతూనే మిక్సీలో పచ్చడి తిప్పారు. ఒక్క పిల్ల కూడా ఉలిక్కిపడలేదు. కుక్కర్ విజిల్ వేసినా అంతే. ఇంటి బ్రీడర్ దగ్గర మనకి దొరికే అసలు లాభం ఇదే: ఇంటి చప్పుళ్ళు, చీర కుచ్చిళ్ళు, పిల్లల పరుగులు, గచ్చు మీద గిన్నె పడ్డ శబ్దం అన్నీ పిల్లకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. నేను తాళాల గుత్తి కింద పడేసి చూశాను. ఒకటి మూలకి పోయి ముడుచుకుని ఇక రాలేదు. ఒకటి వచ్చి తాళాలు నోట కరుచుకుని పారిపోయింది. మూడోది ముందు వెనక్కి గెంతి, ఒక క్షణం చూసి, మెల్లగా వచ్చి వాసన చూసింది. అదే జున్ను. బెదిరి మళ్ళీ తేరుకునే పిల్ల ఉద్యోగస్థుల ఇంటికి సరిగ్గా సరిపోతుంది.

ఆవిడ మొదటిసారి వెళ్ళినప్పుడు అడ్వాన్సు తీసుకోలేదు. "ఇంట్లో పగలు ఎవరుంటారమ్మా?" అని అడిగారు. నేను పైన చెప్పిన టైమ్‌టేబుల్ అప్పజెప్పాను. ఆలోచించుకుని చెబుతానన్నారు. డబ్బు చేతికిస్తుంటే ఆలోచిస్తాననే బ్రీడర్ దొరికితే వదులుకోకండి. యాభై ఎనిమిదో రోజున పిల్లతోపాటు వారానికి సరిపడా అది తింటున్న ఫుడ్డు, తల్లి పడుకున్న పాత తువ్వాలు ముక్క, స్టిక్కరూ సంతకమూ ఉన్న టీకా పుస్తకం, నులిపురుగుల మందు వేసిన తేదీలు ఇచ్చారు.

పిల్లని సాయంత్రం కాకుండా పొద్దున తెచ్చుకోండి. చీకటి పడేలోపు ఇల్లు అలవాటు కావడానికి పూట దొరుకుతుంది. గృహప్రవేశం, పుట్టినరోజు, పండగ హడావుడి ఉన్న రోజు అసలు వద్దు. రెండు రోజుల లోపు మీ డాక్టరుకి చూపించండి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పడుతుంది. అక్కడినుంచి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. ఇన్నిసార్లు ఎందుకంటే ముర్రుపాలతో తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాని పనిచేయనివ్వదు, అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో చూసి చెప్పలేం. కాబట్టి ఒక్కటి వేశాం కదా అని వీధిలో దించడానికి లేదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది. చెప్పులు బయటే విడిచే మన అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, ఆ తర్వాత డాక్టరు చెప్పిన తేదీలకి.

ఇప్పుడు సుస్సు. ఈ మాటే పెట్టుకున్నాం మేం, పసిపిల్లలకి అన్నట్టే. మీకు నచ్చిన మాట పెట్టుకోండి, ఇంటిల్లిపాదీ అదే అనాలి. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకి, ఆట మధ్యలో ఆగినప్పుడు, బంధువులు వచ్చి గారాబం చేసినప్పుడు దానికి వస్తుంది. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే ఇక నాలుగు సెకన్లే టైముంది. మొదటి వారం నడిపించకండి, ఎత్తుకుని తీసుకెళ్ళండి. దారిలోనే పోసేస్తుంది. టీకాలు పూర్తయ్యేదాకా మా చోటు బాల్కనీలో ఒక ట్రే, అందులో పచ్చగడ్డి చాప. అక్కడ దించి, మాట ఒక్కసారి అని, స్తంభంలా నిలబడాలి. ఫోన్ చూడకూడదు. అది పని ముగించిన క్షణంలో, అక్కడే, శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టాలి. లోపలికి వచ్చాక డబ్బా తీసి ఇస్తే లోపలికి వచ్చినందుకు ఇచ్చినట్టు అర్థం చేసుకుంటుంది. ఇచ్చాక రెండు నిమిషాలు అక్కడే ఆడించాలి. పోయగానే లోపలికి లాక్కొస్తే, పోస్తే ఆట అయిపోతుందని కనిపెట్టి బిగబట్టడం నేర్చుకుంటుంది. పొద్దున్నే బస్సు టైముకి పరిగెత్తే ఇళ్ళలో ఈ పొరపాటు తప్పకుండా జరుగుతుంది. ఐదు నిమిషాలైనా ఏమీ చేయకపోతే లోపలికి తెచ్చి ఒళ్ళో పెట్టుకుని, పది నిమిషాలాగి మళ్ళీ తీసుకెళ్ళడమే.

మా ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాం. మా అబ్బాయి రాతలో "సు 6:10, తిండి 6:40, దొ 7:05, సు 7:30" అని వరసగా ఉండేది. నాలుగో రోజుకి కాగితం చూస్తేనే దాని గడియారం తెలిసిపోయింది. తిన్నాక ఇరవై అయిదు నిమిషాలకి దొడ్డి. తొమ్మిదింబావుకి నేను వెళ్ళాలి కాబట్టి పొద్దుటి తిండి ఎనిమిదింటి నుంచి ఆరూ నలభైకి జరిపాం. ఆఫీసు మనల్ని ఎలాగూ జరగనివ్వదు, పిల్ల గిన్నెని జరపొచ్చు.

పొరపాటున హాల్లో పోస్తే ఎత్తుకుని బాల్కనీకి వెళ్ళండి, అంతే. ముక్కు అందులో రుద్దడం, పేపరు చుట్టి కొట్టడం మన నాన్నల కాలం నుంచీ ఉన్నాయి. వాటివల్ల పిల్ల నేర్చుకునేది ఒకటే: మనిషి ముందు పోయకూడదు. ఆ తర్వాత సోఫా వెనకే పోస్తుంది, బాల్కనీలో మీరు పక్కన నిలబడితే అస్సలు పోయదు. "చూడు, తప్పు చేసినట్టు మొహం ఎలా పెట్టిందో" అంటాం. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని పరీక్షించి రాసింది. ఏ తప్పూ చేయని కుక్కల్ని యజమానులు తిట్టినా అవి అదే మొహం పెట్టాయి. అది పశ్చాత్తాపం కాదు, మన గొంతుకి భయం. సాయంత్రం ఏడింటికి వచ్చి, ఎప్పుడో నాలుగింటికి పోసినదానికి తిడితే మీరు రావడమే భయపడాల్సిన సంగతి అని దానికి అర్థమవుతుంది.

తుడిచేటప్పుడు ఫినాయిల్ వద్దు. పాదాలకి అంటుకున్నది నాకుతుంది, అది దానికి మంచిది కాదు. పెట్ షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, లేకపోతే వెనిగర్ నీళ్ళతో తుడిచి వంటసోడా చల్లండి. వాసన పూర్తిగా పోకపోతే మళ్ళీ అక్కడికే వస్తుంది.

రాత్రి దాని క్రేట్ మన మంచం పక్కనే ఉండాలి. హాల్లో ఒంటరిగా పెట్టి "ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది" అనుకోకండి. నిన్నటిదాకా ఐదుగురి మధ్య వెచ్చగా పడుకున్న పసిది. చెయ్యి కిందికి వేలాడేసి వాసన తగలనిస్తే చాలు, తల్లి తువ్వాలు ముక్క ఉంటే ఇంకా మేలు. రెండింటికి అలారం పెట్టుకుని లేచి, లైటు వేయకుండా, ఒక్క మాట కూడా మాట్లాడకుండా బాల్కనీకి తీసుకెళ్ళి తెచ్చి పడుకోబెట్టాలి. ముద్దు చేశారో, రెండింటి ఆట రోజూ కావాలంటుంది. క్రేట్ అంటే మనవాళ్ళకి బోను గుర్తొస్తుంది. తలుపు తీసే ఉంచి, తిండి అందులోనే పెట్టి, ఏనాడూ శిక్షగా వాడకపోతే అది దానికి సొంత గది. అయితే పగలు గంటల తరబడి అందులో మూయడానికి కాదు. పగటికి చుట్టూ కంచె కట్టిన ప్లే పెన్ నయం, ఒక మూల పడక, మరో మూల సుస్సు ట్రే.

సెలవులో ఉన్నప్పుడు చాలామంది మరిచిపోయే పని, ఆ సెలవు ముగియడానికి పిల్లని సిద్ధం చేయడం. పది రోజులూ ఒళ్ళో పెట్టుకుని, పదకొండో రోజు మూడు గంటలు వదిలి వెళ్తే ఇల్లు నెత్తిన పెట్టుకుంటుంది. 2020 లాక్‌డౌన్‌లో పిల్లల్ని తెచ్చుకుని, ఆఫీసులు తెరిచాక ఈ బాధ పడ్డవాళ్ళు నాకే నలుగురు తెలుసు. మూడో రోజు నుంచే మొదలుపెట్టండి. తాళాలు చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేయండి. హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్ళి కూర తిప్పి రండి. ఈ వేషం నాలుగు రోజులు వేస్తే తాళాల చప్పుడుకి అది తల కూడా ఎత్తదు. తర్వాత తలుపు బయట పది సెకన్లు. అరనిమిషం. రెండు నిమిషాలు, మళ్ళీ పది సెకన్లు. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే కనిపెట్టేస్తుంది, కలగాపులగంగా ఉండాలి. వెళ్ళేముందు లోపల గుల్లగా ఉండే రబ్బరు బొమ్మలో పెరుగన్నం, చికెన్ పీచు కుక్కి రాత్రే ఫ్రీజర్‌లో పెట్టినది ఇవ్వండి. అరగంట దానితో కుస్తీ పడి నిద్రపోతుంది. పాత ఫోన్ ఒకటి కెమెరాగా పెట్టుకుంటే ఆఫీసులో కూర్చుని చూడొచ్చు. ఏడుపు ఆగకుండా సాగుతోందంటే మీరు తొందరపడ్డారు, మళ్ళీ తక్కువ నిమిషాలకి దిగాలి. వెళ్ళేటప్పుడు "అమ్మ వచ్చేస్తుంది బంగారం" అని వీడ్కోలు సభ పెట్టకండి. వచ్చాకా అంతే, చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, అది నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాకే పలకరించండి.

సాయంత్రం ఏడూ ఎనిమిది మధ్య ప్రతి పిల్లకీ ఒక పిచ్చి పడుతుంది. సోఫా చుట్టూ గిరగిరా తిరగడం, చీర కొంగు పట్టుకోవడం, వేళ్ళు కొరకడం. మనం ఇంటికి చేరేది సరిగ్గా అప్పుడే. పగలంతా ఒంటరిగా ఉంది కదా పాపం అని ఇంకా ఆడిస్తాం, అది ఇంకా రెచ్చిపోతుంది. రోజుకి పద్దెనిమిది గంటలు నిద్రపోవలసిన వయసు దానిది. ఆ పిచ్చి చాలాసార్లు నిద్ర చాలకే. సుస్సుకి తీసుకెళ్ళి, నమలడానికి ఏదైనా ఇచ్చి, లైటు తగ్గించి పెన్‌లో పెడితే పది నిమిషాల్లో గురక. ఇది తెలియక మేం నెల రోజులు చేతులకి పసుపు రాసుకుంటూ తిరిగాం. సూదుల్లాంటి ఆ ఇరవై ఎనిమిది పాలపళ్ళు నాలుగో నెల నుంచి రాలడం మొదలై, ఏడో నెలకి నలభై రెండు గట్టిపళ్ళు వస్తాయి. ఆ మధ్యకాలంలో దానికి చిగుళ్ళు దురద. తడిపి మెలితిప్పి ఫ్రీజర్‌లో పెట్టిన పాత తువ్వాలు ఇవ్వండి. చెయ్యి కొరికితే అరవకుండా ఆట ఆపి లేచిపోవాలి. పదిహేను సెకన్లు చాలు. ఇంట్లో ఒకరు లేచిపోయి మరొకరు నవ్వి ఇంకో చెయ్యి ఇస్తే మాత్రం ఆర్నెల్లయినా ఆ అలవాటు పోదు. పసిపిల్లలకి రక్తం వచ్చేలా గీరుకుపోతే, మన కుక్కే కదా అనుకోకుండా సబ్బు పెట్టి ధారగా పారే నీటి కింద పావుగంట కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

నేర్పే మాటల విషయంలో మా ఇంట్లో పెద్ద రభస జరిగింది. నేను "కూర్చో" అనేదాన్ని, అబ్బాయి "సిట్" అనేవాడు, మా అత్తయ్య "కూకో" అనేవారు. జున్ను ముగ్గురి మొహాలూ చూసి గోడ వైపు వెళ్ళిపోయేది. చివరికి అత్తయ్య మాటే ఖాయం చేశాం, ఆవిడ మార్చుకోరు కాబట్టి. కూకో, రా, వదులు, ఆగు. ఈ నాలుగూ చాలు మొదటి మూడు నెలలకి. మూడు నిమిషాల చొప్పున రోజుకి నాలుగుసార్లు, తిండికి ముందు, అదే తిండి గింజలతో. "రా" అని పిలిచి స్నానం చేయించడం, తిట్టడం, గోళ్ళు కత్తిరించడం ఎప్పుడూ చేయకండి. దానికి ఇష్టంలేని పని ఉంటే మీరే వెళ్ళి ఎత్తుకు రండి. గేటు తీసి ఉన్న రోజు ఆ ఒక్క మాటే దాని ప్రాణం కాపాడేది.

టీకాలు పూర్తయ్యేసరికి నాలుగు నెలలు. లోకాన్ని భయం లేకుండా చూసే కిటికీ మాత్రం మూడో వారంలో తెరుచుకుని పన్నెండు, పద్నాలుగు వారాలకే మూసుకోవడం మొదలవుతుంది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి చూసి 1965లో పుస్తకం వేశారు, ఈ మాటకి మూలం అక్కడుంది. అంటే అన్ని టీకాలూ అయ్యేదాకా ఇంట్లోనే దాస్తే పార్వో నుంచి తప్పించుకుంటుంది, పిరికిదవుతుంది. దారి ఏమిటంటే నేల మీద దించకుండా ఎత్తుకుని తిప్పడం. మేం వరసగా సాయంత్రాలు స్కూటీ ముందు బుట్టలో కూర్చోబెట్టుకుని రైతుబజార్ ఎదుట పావుగంట ఆగేవాళ్ళం. హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, బురఖా, చేతికర్ర తాత, సిలిండర్ దొర్లించే చప్పుడు, ఆటో, మైకు. ప్రతి కొత్తదానికీ ఒక చికెన్ ముక్క. దగ్గరికి పోనక్కర్లేదు, దూరం నుంచి చూసి తింటే చాలు. దీపావళికి రెండు నెలల ముందు నుంచి టపాకాయల చప్పుడు ఫోన్‌లో వినీ వినబడనట్టు పెట్టి తిండి తినిపించాం. వినాయక చవితి డప్పులకి కూడా ఇలాగే చేసి ఉండాల్సింది, అది మాకు తట్టలేదు. నిమజ్జనం రోజు మంచం కిందే గడిపింది.

తిండి గురించి రెండు ముక్కలు. మూడు నాలుగు నెలల దాకా రోజుకి నాలుగుసార్లు, ఆర్నెల్ల దాకా మూడు, తర్వాత రెండు. తెచ్చిన వారం బ్రీడర్ పెట్టిందే పెట్టండి. గేదెపాలు పోస్తే విరేచనాలు పడతాయి. పెరుగన్నం ఒక్కటే పెట్టి పెంచితే కడుపు నిండుతుంది గానీ కండ పట్టదు. డాక్టర్ చెప్పకుండా కాల్షియం టానిక్కులు పోయకండి, పెద్దజాతి పిల్లలకి అది చెరుపే చేస్తుంది. చాక్లెట్, ఉల్లి, ద్రాక్ష, పాయసంలో కిస్‌మిస్, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, మన పారాసిటమాల్ ఇవన్నీ విషాలే. ఉడికిన కోడి ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది. బీరువాలో కలరా ఉండలు, దోమల మందు సీసా అందకుండా చూసుకోండి. వేసవిలో చెవుల లోపల, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకడం రోజువారీ పని, మన ఊళ్ళల్లో టిక్ ఫీవర్ మామూలే.

ఒక్క విషయం ఎవరూ చెప్పరు: మన ఇళ్ళ నేల. నున్నటి టైల్స్, గ్రానైట్ మీద పిల్ల పరిగెత్తితే వెనక కాళ్ళు చెరో వైపు జారిపోతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతుల్లో తుంటికీళ్ళు అసలే బలహీనం, పెరిగే వయసులో ఈ జారుడు ఇంకా చెరుపు. అది తిరిగే దారంతా గోనె సంచులు విప్పి పరిచాం. వచ్చినవాళ్ళు ఇంట్లో ధాన్యం ఎండబెట్టారా అని అడిగేవారు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు కుక్కని పెంచకూడదనో, లిఫ్టు ఎక్కించకూడదనో తీర్మానాలు చేస్తుంటాయి. అలాంటి నిషేధాలు చెల్లవని కేంద్ర జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నాయి. అయినా ఆ కాగితం జేబులోనే ఉంచుకుని, చేతిలో కవరు పట్టుకుని తిరగండి. కింద చేసింది మనమే ఎత్తేస్తుంటే అసోసియేషన్ సెక్రటరీ కూడా మెత్తబడతాడు. రేబిస్ టీకా సర్టిఫికెట్ చేతికి రాగానే మునిసిపాలిటీలో లైసెన్సుకి అప్లై చేసేయండి.

ఆర్నెల్లు దాటి, ఇక అన్నీ వచ్చేశాయి, ఊపిరి పీల్చుకోవచ్చు అనుకునే వేళకి దానికి కుర్రవయసు వస్తుంది. పేరు పెట్టి పిలిస్తే వినబడనట్టు ఉంటుంది. నాలుగు నెలలుగా ఒక్క చుక్క పోయని హాల్లో నిలబడి మీ కళ్ళలోకి చూస్తూ పోస్తుంది. రిమోట్ నమిలేస్తుంది. చాలా కుక్కల్ని ఇళ్ళవాళ్ళు వేరేవాళ్ళకి ఇచ్చేసేది ఈ వయసులోనే. జున్ను ఎనిమిదో నెలలో నా రెండు జతల చెప్పులు, ఒక చెక్కుబుక్కు తినేసింది. మేం మళ్ళీ ఫ్రిజ్ మీద కొత్త కాగితం అంటించాం. సు 6:10, తిండి 6:40. ఇద్దరం చెరో మూడు రోజులు సీఎల్ పెట్టి, మెడకి తాడు కట్టి, అదే బాల్కనీకి, అదే మాటతో, శనగగింజంత చికెన్ ముక్కతో మొదటినుంచి మొదలుపెట్టాం. ఈసారి మూడు వారాలు పట్టింది.